బావి తీర్థం

"సూర్యా, తీర్థం."

మంచం పక్కన నిలబడి రామానుజం రెండోసారి అన్నాడు. ఎడమ చేతిలో వెండి గిన్నె, కుడి చేతిలో ఉద్ధరిణి. తడిపంచె అంచు నుంచి నీళ్లు గచ్చు మీదికి కారుతున్నాయి.

సూర్యప్రభ కళ్లు తెరిచే ఉన్నాయి. దుప్పటి కింద ఉన్న చెయ్యి మాత్రం బయటికి రాలేదు.

"మేలుకునే ఉన్నవు కద. చెయ్యి పట్టు."

"నాకొద్దండి."

బావి నీళ్లలో గల్లీ మోరీలోని మురుగు నీళ్లు కలుస్తున్నాయని పరీక్షలో తేలినట్టు మొన్న కొడుకు శ్రీనాథ్ ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆమె ఈ వద్దన్న మాటను నోట్లోనే నలుపుతోంది. అంటే ఏమవుతుందోనని భయపడింది. తీరా అన్నాక ఏమీ కాలేదు. రేపు పాలు వద్దని పాలవాడికి చెప్పినట్టు ఉంది.

రామానుజం కదల్లేదు. పెళ్లయి ఉప్పుగూడలోని ఈ ఇంట్లో కాలు పెట్టిన మర్నాటి నుంచి, మైల రోజులూ పురుళ్ల రోజులూ తప్ప, ఆయన తీర్థం తెస్తే ఆమె చెయ్యి చాపని పొద్దు లేదు. జ్వరంలో కూడా గోడకు ఆనుకుని కూర్చుని పుచ్చుకుంది.

"ఒక్క చుక్క. పెదవికి తాకించు, చాలు."

"డాక్టరు ఏం చెప్పిండో మీరు కూడ విన్నరు."

"డాక్టరు నీళ్ల సంగతి చెప్పిండు. ఇది నీళ్లు కాదు. పెరుమాళ్ల మీద పోసి తిరుమంజనం చేసినంక అవి నీళ్లెట్లయితయి?"

ఆమె దుప్పటి మెడ దాకా లాక్కుంది. ఆయన గిన్నె మీద మూత పెట్టుకుని, వచ్చిన దారినే పూజగదిలోకి వెళ్లిపోయాడు. పచ్చకర్పూరం వాసన మాత్రం గదిలో మిగిలింది.

ఇద్దరూ తాగేది ఫిల్టరు నీళ్లే. కామెర్లతో ఆమెను ఆసుపత్రిలో చేర్చిన మొదటి రోజే ఏ నీళ్లు తాగుతారని డాక్టరు అడిగితే శ్రీనాథ్ గట్టిగా చెప్పాడు కూడా, మా ఇంట్లో బయటి చుక్క ముట్టరని. వంటకు బావి నీళ్లే అయినా అవి పొయ్యి మీద సలసల కాగేవి. పచ్చిగా గొంతు దిగేది తీర్థం ఒక్కటే. అది ఎవరికీ తట్టలేదు. తీర్థాన్ని నీళ్ల లెక్కలో వేసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

*

ఆదివారం కావడంతో శ్రీనాథ్ పొద్దెక్కక ముందే వచ్చాడు. వెంట ఎల్లేష్. పోయిన వేసవిలో ఈ బావి పూడిక తీసినవాడు అతనే. ఇప్పుడు బావి నోటికి సరిపడా సిమెంటు బిళ్ల పోయించి, ఫలక్‌నుమా నుంచి ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. ఆటో గల్లీలో నిలబడి ఉంది.

సూర్యప్రభ వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. కళ్లలో పసుపు విరిగింది గానీ ఒంట్లో సత్తువ ఇంకా రాలేదు. గోడకు తల ఆనించి, ఎదురుగా ఉన్న బావిని చూస్తోంది.

చూడడానికి ముచ్చటగానే ఉంది బావి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు బావి బాగు చేసి చూడు అనడం ఎందుకు మరిచారో తెలియదు. కరెంటాఫీసులో పదవీ విరమణ చేసిన వారం తిరగకుండానే రామానుజం దీని మీద పడ్డాడు. చుట్టూ షాబాదు బండ పరిపించాడు. ఒరకు కొత్త రాళ్లు కట్టించాడు. అఫ్జల్‌గంజ్‌లో పది దుకాణాలు తిరిగి ఇత్తడి గిలక తెచ్చాడు. దాన్ని శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి తోమేవాడు. మనవరాలు మాన్యకు ఇష్టమని ఒర పక్కన చిన్న అరుగు కూడా కట్టించాడు.

రిటైరయ్యాక ఇద్దరూ రైల్లో దక్షిణాది కోవెలలన్నీ చూసి రావాలని ఒకప్పుడు అనుకున్నారు. సూర్యప్రభ ఊరికే అనుకుని ఊరుకోలేదు. బోర్డులు చదువుకోవడానికి ఫోనులో చూసి అరవ అక్షరాలు నేర్చుకుంది. ఆయన మాత్రం ముందు బావి కానీ అన్నాడు. బావి అయ్యింది. పూడిక తీసినప్పుడు అడుగున పాత రాళ్లు కదిలాయో ఏమో, గల్లీ మోరీ నుంచి సన్నగా జాలు పట్టింది. వర్షాలు వెలిసేసరికి ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయి.

"సార్, మూసుడా, ఉంచుడా? ఏదో ఒకటి చెప్పున్రి. ఆటో అతను లొల్లి పెడుతుండు" అన్నాడు ఎల్లేష్.

"మూసుడు లేదు. తీసుకపో" అన్నాడు రామానుజం.

"దించన్నా" అన్నాడు శ్రీనాథ్.

ఎల్లేష్ రామానుజాన్ని చూశాడు, శ్రీనాథ్‌ను చూశాడు. గోడ నీడకు పోయి చతికిలబడ్డాడు.

"నాన్నా, అమ్మ సచ్చి బతికింది. గా సంగతి గుర్తున్నదా నీకు?"

"నాకు తెల్వదా? నీకొక్కనికే అమ్మనా ఆమె?"

"మరింకేంది? నల్లా ఉన్నది కద ఇంట్లో. పెరుమాళ్లకు నల్లా నీళ్లు పడతే ఏమైతది?"

"మీ తాత ఉన్నన్ని రోజులు నల్లా నీళ్లు ఈ పూజగది గడప దాటలె. తోలు వాషరు మీదికెళ్లి వచ్చే నీళ్లు అవి."

"ఇప్పుడు తోలు ఏడుందండీ, అంత ప్లాస్టిక్కే" అంది సూర్యప్రభ కుర్చీలో నుంచి.

మాట నవ్వించేదే. ఎవరూ నవ్వలేదు.

"పక్కింటి బోరు నీళ్లు తెచ్చుకో. ఆళ్లు వద్దంటరా?" అన్నాడు శ్రీనాథ్.

"ఎవరింటి నీళ్లో తెచ్చి మన పెరుమాళ్లకు పోయాల్నా? మా నాయన తవ్వించిన బావి ఇది. నిజాము కాలంల ఊరంత ఎండితే ఈ గల్లీకి ఇదొక్కటే నీళ్లిచ్చింది. ఎవనికైనా కడుపు నొచ్చిందా?"

"అప్పుడు మోరీ లేకుండె."

"పరీక్ష చేసినోడు ఏ సీసాల పట్టిండో ఏమో."

"నేనే పట్టిన నాన్నా. మరిగించిన సీసాల పట్టిన."

రామానుజం సంగతి అందరికీ తెలిసిందే. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయినా ఇవాళ ఆయన గొంతులో పంతం తక్కువగా ఉందని సూర్యప్రభకు అనిపించింది. ఏదో మాట మీద కాలు మోపి నిలబడ్డట్టున్నాడు. ఆ మాట అప్పుడు బయటికొచ్చింది.

"సరే, నీళ్లల్ల విషమున్నదంటవు. మరి నేను? ఏ ఇంట్ల ఉంటున్న? ఏ తీర్థం పుచ్చుకుంటున్న? మీ అమ్మకు పోసిందే నాకు పోసుకుంటున్న కద. నాకేమైంది? చెప్పు."

శ్రీనాథ్ ఇంజనీరింగు చదివినవాడే. తండ్రి ముందు మాత్రం అతని నోట్లో నాలుక ఎప్పుడూ సగమే ఉంటుంది. చెప్పుల వైపు చూస్తూ అన్నాడు.

"ఏమో నాకు తెల్వదు. ఈ బావి మూసేదాంక మాన్యను ఈ ఇంట్లకు పంపను. ఇయ్యాల వస్త అన్నది. వద్దన్న."

"పిల్లతోటి నాకు బేరం పెడుతున్నవా రా?"

"నువ్వెట్లన్నా అనుకో."

బిళ్ల ఆటోలోనే వెనక్కి పోయింది. శ్రీనాథ్ తల్లి దగ్గరికొచ్చి, నాతో రా అమ్మా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎందుకు ఊపిందో ఆమెకే తెలియదు. మళ్లీ సంచి సర్దుకోవాలి, ఆటో ఎక్కాలి, అక్కడ కోడలు పక్క వెయ్యాలి. అదంతా తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కింది.

*

మధ్యాహ్నం రామానుజమే పథ్యం వండాడు. బీరకాయ చప్పిడి కూర, మెత్తటి అన్నం, నీళ్ల మజ్జిగ. ఆమె ఇంట్లో లేని రోజుల్లో వంట నేర్చుకున్నాడు. విస్తరి ముందు కూర్చోబెట్టి, అన్నంలో పలుకు తగులుతుందేమోనని వేళ్లతో మెదిపి పెట్టాడు.

"ఉప్పు లేకుంటే తినబుద్ధి కాదు. తెల్సు. ఇంకో నెల ఓర్చుకో."

"మంచిగనే ఉన్నది."

"రసం కొద్దిగ పెట్టనా రేపు? మిరియం లేకుండ?"

"పెట్టండి."

ఉప్పుగూడ స్టేషనులో రైలు ఆగి కదిలిన చప్పుడు వినిపించింది. గల్లీలో ఎవరో స్కూటరును తన్ని తన్ని విసిగిపోయి తోసుకుంటూ పోయారు. ఆయన ఆమె పక్కనే పీట మీద కూర్చుని, ఆమె తినేదాకా లేవలేదు.

మంచివాడు రామానుజం. ఆ మాట ఆమె ఎవరి ముందైనా అంటుంది. ఇన్నేళ్లలో చెయ్యెత్తింది లేదు, నలుగురిలో పలుచన చేసింది లేదు. ఆసుపత్రికి రోజూ పొద్దున ఆరాధన ముగించుకుని రెండు బస్సులు మారి వచ్చేవాడు. పెరుమాళ్లను వదిలి ఒక్క పూట ఉండలేడు కనుక రాత్రికి ఇల్లు చేరేవాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఆమె రెండు రోజులుగా చూస్తోంది. రావడం లేదు. జాలి కూడా రావడం లేదు. తిమ్మిరెక్కిన కాలును గిల్లుకున్నట్టు తనను తాను గిల్లుకుని చూసుకుంటోంది అంతే.

"సాయంత్రం జర ఫోను తెచ్చియ్యనా? నీ అరవం చదువుకుంటవు" అన్నాడు ఆయన విస్తరి ఎత్తుతూ.

"ఇప్పుడెందుకండి?"

"పోదాం సూర్యా. నీకు జర బలమొస్తె పోదాం. ముందు శ్రీరంగం."

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది.

*

మర్నాడు పొద్దున ఆమె మంచం మీద లేదు. పూజగది ఎదురుగా, నడవలో కుర్చీ వేసుకుని కూర్చుంది. తీర్థం వద్దన్నందుకు పెరుమాళ్లకు దండమైనా పెట్టకపోతే ఎట్లా అనుకుని లేచి వచ్చింది. లేచిందే తప్ప మనసులో భక్తి ఉందో లేదో ఆమె తేల్చుకోలేకపోయింది.

నిజానికి ఆరాధన చివరి ఘట్టం ఆమె ఏనాడూ సరిగా చూడలేదు. ఇన్నేళ్లూ తీర్థం పుచ్చుకోగానే తడి చెయ్యి తలకు రాసుకుని వంటింట్లోకి పరుగెత్తేది. పొయ్యి మీద పొంగేది ఏదో ఒకటి ఉండేది. తన తర్వాత ఆయన ఏం చేస్తాడో చూసే తీరిక ఆమెకు లేదు, అవసరమూ లేదు.

ఇవాళ తీరికే తీరిక.

రామానుజం సాళగ్రామాలను పెట్టెలో పెట్టి మూశాడు. గిన్నె తీసుకుని ఆమె వైపు తిరిగాడు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఈసారి ఆయన అడగలేదు. ఒక నిమిషం చూసి, మళ్లీ లోపలికి తిరిగి, ఉద్ధరిణితో తన అరచేతిలో పోసుకున్నాడు.

ఆ చెయ్యి నోటి దాకా పోలేదు. కళ్లకు అద్దుకున్నాడు. తల మీద రాసుకున్నాడు. రెండోసారి పోసుకున్నాడు, అది కూడా తలకే. మూడోసారీ అంతే. గిన్నెలో మిగిలింది కిటికీలో నుంచి తులసి కుండీలో ఒంపాడు.

తడబాటు లేదు. అలవాటైన చెయ్యి ఎట్లా కదులుతుందో ఆమెకు తెలుసు. ఇది ఇవాళ మొదలైంది కాదు.

"మీరు తాగలేదు" అంది సూర్యప్రభ.

ఆయన వీపు అటే ఉంది. "తలకు తీసుకున్న. దోషం లేదు."

"దోషం సంగతి అడుగుతలేను. మీరు తాగుతలేరు."

ఆయన గిన్నెను తుడిచిన గుడ్డతోనే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఎప్పటి సంది?"

"సూర్యా, పొద్దు పొద్దున..."

"ఎప్పటి సంది తాగుతలేరు?"

గిన్నె పీట మీద పెట్టి ఆయన గడప దగ్గరికి వచ్చాడు. గడప దాటలేదు.

"పూడిక తీసినంక. మొదటి వారమే. నాకు కడుపుల తిప్పింది. రెండు రోజులు బాత్రూము చుట్టే తిరిగిన. నీకు చెప్పలె. మందు తెచ్చుకున్న, తక్కువైంది. గప్పటి సంది తలకే రాసుకుంటున్న."

"నాకు మాత్రం పోసిన్రు."

"నీకేం కాలేదు కద అప్పుడు. నువ్వు మంచిగనే ఉంటివి. నా కడుపుదే తప్పనుకున్న."

"వాసన రాలేదా మీకు?"

ఆయన నేల చూస్తూ అన్నాడు. "కొద్దిగ ఉండె. పచ్చకర్పూరం ఎక్కువేసిన."

సూర్యప్రభ తల ఊపింది. ఎవరో దూరపు చుట్టాల ఇంట్లో జరిగిన సంగతి వింటున్నట్టు విన్నది. ఆ వేసవిలో తీర్థం ఘుమఘుమలాడిందని తానే మెచ్చుకుంది. ఎంత మంచిగ చేస్తున్నరండి ఆరాధన, రిటైరయినంక పెరుమాళ్లకు కళ వచ్చింది అని కూడా అంది.

"ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

"ఏమని చెప్పాలె? పెరుమాళ్ల తీర్థం మంచిగ లేదు, తాగకు అనాల్నా? నా నోటితోటి?" ఆయన వెనక్కి తిరిగి సాళగ్రామాల పెట్టె వైపు చూశాడు. "నీళ్ల మీద అనుమానమొచ్చింది సూర్యా. తీర్థం మీద రాలె. ఆయన మీద పడ్డ నీళ్లు నిన్నేం చేస్తయనుకున్న. నా బతుకు మీద ఒట్టు, గట్లనే అనుకున్న."

"మరి మీరు తాగకపోతిరి."

ఆయన ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. నిన్న మంచం దగ్గర ఒక్క చుక్క పెదవికి తాకించమని ఎందుకు బతిమాలాడో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఆమె తాగితే అది తీర్థం. తాగకపోతే అది ఆయన చేతులతో ఆమెకు పోసిన మోరీ నీళ్లు.

ఇంత తెలిసినా ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండుననుకుంది. ఏడుపు వస్తే ఆయన దగ్గరికి వచ్చి కూర్చునేవాడు, ఏదో ఒకటి అనేవాడు, తానూ ఏదో అనేది, మధ్యాహ్నానికి రసం పెట్టుకునేవారు. అట్లా ఎన్నోసార్లు అయింది. ఈసారి మాత్రం లోపల తడి తగలలేదు.

ఆ పొడిలో నుంచే ఒక ఆలోచన నిదానంగా పైకి వచ్చింది.

"నేను ఆసుపత్రిల ఉన్నప్పుడు మాన్య ఇక్కడనే ఉన్నది."

ఆయన తల ఎత్తలేదు.

"శ్రీనాథ్, కోడలు నా దగ్గర తిరుగుతుంటే పిల్లను రాత్రిళ్లు మీ దగ్గర విడిచిపోయిన్రు. బడికి సెలవులుండె."

"ఊఁ."

"పోసిన్రా?"

బయట గిలక మీద కాకి వాలి, ఇత్తడి మీద గోళ్లు జారి ఎగిరిపోయింది.

"ఏమండి, మిమ్మల్నే. పిల్లకు పోసిన్రా?"

"స్నానం చేసి వచ్చి కూసునేది పక్కనే" అన్నాడు రామానుజం. "శ్లోకాలు చెప్పేది నాతోటి. అయిపోంగనే చెయ్యి చాపేది. గంత చిన్న చెయ్యి. లేదనలేకపోయిన."

"రోజూ?"

"రోజూ."

సూర్యప్రభ కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచింది. నడవ చివర అల్మారాలో ఉన్న ఫోను తీసుకుని, గోడ పట్టుకుంటూ గడప దాకా వచ్చింది. డాక్టరు చెప్పింది ఆమెకు గుర్తుంది. ఈ రోగం నీళ్లు తాగిన నాడే పైకి రాదు, వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల దాటుతుంది. కొడుకుకు చెప్పాలి. చెబితే వాడు ఈ గడప మళ్లీ తొక్కడు. పిల్లనూ తొక్కనివ్వడు. ఈ మనిషికి ఇక మిగిలేది పెట్టెలో పెరుమాళ్లు, పెరట్లో బావి. అంతా ఆమెకు స్పష్టంగా కనిపిస్తోంది. వేలు మాత్రం శ్రీనాథ్ పేరు మీదికి తిన్నగా పోయింది.

"నేనే చెప్త సూర్యా. తర్వాత చెప్త. మడిల ఉన్న" అన్నాడు రామానుజం. మడిలో ఉండగా ఆయన ఫోను ముట్టిన రోజు లేదు.

అవతల శ్రీనాథ్ ఎత్తాడు. "ఆఁ, చెప్పమ్మా."

"నాన్న మాట్లాడుతరు."

ఆమె ఆయన తడి చెయ్యి పట్టుకుని, అరచేతిలో ఫోను పెట్టి, వేళ్లు మూసింది.

రామానుజం దాన్ని చెవి దగ్గరికి తీసుకోవడానికి చాలా సేపు పట్టింది.

"శ్రీనూ, మాన్య ఏం చేస్తున్నది రా?"

"పండుకున్నది నాన్నా. బడికి పంపుతలేం. రాత్రి రెండుసార్లు కక్కుకున్నది, పొద్దున పాలు కూడ వద్దన్నది. బయట ఏదో తిన్నట్టున్నది." శ్రీనాథ్ గొంతు నిద్రలేమితో బరువుగా ఉంది. "ఎందుకు, ఏమైంది?"

రామానుజం ఆమె వైపు చూశాడు.

"చెప్పండి" అంది సూర్యప్రభ.